దిల్ వేసిన రొయ్యలు

1998 జులై 19, ఆదివారం

కొండబాబు వచ్చాడు. కొడల నుంచి మొదటి బస్సుకే, చేతిలో అరటిపళ్ళతో. మరిది అరటిపళ్ళు తెచ్చాడంటేనే నాకు అనుమానం వచ్చింది. మామూలుగా వస్తే మా ఇంట్లో ఉన్నవి తిని పోయే రకం.

"ఒదినా, ఏటంటే..." అని మొదలుపెట్టి మంచినీళ్ళు అడిగాడు. తాగాడు. ఫ్యాను పెంచమన్నాడు. నేను మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతూనే ఉన్నాను. చివరికి బయటపడింది. వాడి కూతురు సీతాలుకి ఇచ్ఛాపురం సంబంధం కుదిరేలా ఉందట. వాళ్ళకి పిల్ల నచ్చింది, ఇల్లు నచ్చింది, ఒకటే మెలిక. పిల్ల పెదనాన్న, అంటే మా ఆయన, ఉన్నట్టా లేనట్టా? అది తేలాకే తాంబూలాలు అన్నారట.

"ఉన్నాడని సెప్పు" అన్నాను.

"ఎక్కడున్నాడని సెప్పమంటావు?"

"స్వీడన్లో. ఓడ దిగి దారి తప్పాడు."

"పన్నెండేళ్ళ నుంచీ దారి తప్పుతూనే ఉన్నాడేటి ఒదినా?" అన్నాడు. వెటకారం కాదు, ఏడుపు గొంతు. "పన్నెండేళ్ళు కబురు లేకపోతే శాస్త్రం ఒప్పుకుంటాది. శ్రావణ బహుళ ఏకాదశినాడు దర్భలతో బొమ్మ సేసి దహనం సేసీమన్నారు పంతులుగారు. మూడోనాడు నీకు..."

అక్కడ ఆగిపోయాడు. నా నుదుటి వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. మూడోనాడు నాకు బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, తాళి తెంపుతారు. ఆ మాట అనడానికి సిగ్గుపడ్డాడు గానీ చేయించడానికి కాదు.

అరటిపళ్ళు వీధిలో ఆవుకి పెట్టాను.

జులై 20

నేను ఒప్పుకోను.

జులై 22

వాసవీకుమారి గోడ మీంచి అడిగింది: "పుణ్యమ్మా, ఈ ఏడు నా టోపీకి ఏ రంగు కాయితం?"

పక్కింటి షావుకారుగారి భార్య. ఉల్లిపాయ ముట్టదు. అయినా ఏటేటా శ్రావణ పౌర్ణమి నాడు నా రొయ్యల విందుకి వస్తుంది. తన కంచం తనే తెచ్చుకుంటుంది, తన బంగాళాదుంపల వేపుడు తనే తెచ్చుకుంటుంది, డాబా మీద గాలి అటునుంచి వీచే మూల చూసుకుని కూర్చుంటుంది. అందరికంటే పొడుగు టోపీ మాత్రం ఆవిడకే కావాలి.

మా పేట గోసాని నువాగాంలో దీన్ని టోపీల పండగ అంటారు. మా ఆయన పెట్టిన పండగ. స్వీడను వాళ్ళ సరుకు ఓడలో వంటవాడుగా పనిచేసేవాడు. అక్కడ ఆగస్టు నెలలో రొయ్యల్లాంటివేవో పట్టి, ఉప్పు నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, తలలకి కాయితం టోపీలు పెట్టుకుని, నవ్వే చందమామ బొమ్మ లాంతర్లు కట్టుకుని ఆరుబయట తింటారట. కెప్టెను దగ్గర్నుంచి కళాసీ దాకా ఒకే బల్ల మీద. అది ఆయనకి నచ్చింది. సెలవుకి వచ్చిన ప్రతి ఆగస్టూ మా డాబా మీద పెట్టేవాడు. ఆ రొయ్యలు ఇక్కడ లేవు, చిలికా సరస్సులో పట్టే పెద్ద బగ్డా రొయ్యలు ఉన్నాయి.

మొదటి ఏడు నాకు నేర్పుతూ, "దిల్ లేకపోతే రుచి రాదు పుణ్యం" అన్నాడు. కొత్త కాపురం. హిందీ సినిమా మాటలు చెబుతున్నాడనుకుని నేను సిగ్గుపడి పొయ్యి వైపు తిరిగాను. "దిల్ ఎక్కడుంది?" అంటాడు మళ్ళీ. "ఇక్కడే ఉంది" అన్నాను, అనకూడని ధైర్యం చేసి. ఆయన గిన్నెలో చూశాడు. "ఎక్కడ, కనపడదే?" చివరికి బొగ్గుతో గోడ మీద మొక్క బొమ్మ గీశాడు. సన్నటి ఆకులు, గొడుగులాంటి పువ్వు. అదొక ఆకుకూర పేరట! ఆ కూర మాకు దొరకదు. సోంపు మొక్క ఆకూ, ధనియాల పూతా వేస్తాను. పేరు మాత్రం దిల్లే.

గ్లాసులెత్తి "స్కోల్" అనాలి. మా వాళ్ళందరూ "స్కూల్" అంటారు. నేను దిద్దలేదు.

ఇంకోటి. రొయ్య తలకాయ పట్టుకుని చప్పుడొచ్చేలా జుర్రాలి. చప్పుడు రాకపోతే ఇంటావిడ వంటకి అవమానమట. మా పుట్టింట్లో ఆడపిల్ల తింటుంటే పక్కనున్న పిల్లికి వినపడకూడదు. నేను మొదటిసారి జుర్రినప్పుడు ఆయన లేచి చప్పట్లు కొట్టాడు.

ఆయన దారి తప్పాడు. అంత పెద్ద రేవులో, ఆ మంచులో, దారి తప్పడం వింతేం కాదు.

జులై 27

సీతాలు ఒక్కర్తే వచ్చింది, కాలేజీలో సర్టిఫికెట్టు పనుందని ఇంట్లో చెప్పి. మిషను పక్కన కూర్చుని సూదుల్లో దారాలు ఎక్కించి పెట్టింది. నేను కావాలనే పలకరించలేదు.

"పెద్దమ్మా, నాను నిన్నేటీ అడగడానికి రాలేదు" అంది చివరికి.

"మరెందుకొచ్చినట్టు?"

"ఆ అబ్బాయి పొటో సూపిద్దామని."

చూశాను. కుర్రాడిది కరెంటాఫీసులో పని. "సెవులు పెద్దవి" అన్నాను.

"అవును. నాకవే నచ్చాయి" అంది.

తిన్న కంచం కడిగిపెట్టి వెళ్ళిపోయింది. అడిగితే తిట్టి పంపేదాన్ని. అడక్కపోవడమే దొంగదెబ్బ. చిన్నప్పుడు ఇది టోపీ జారి కళ్ళమీద పడుతుంటే ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో రొయ్య పట్టుకుని ఈ డాబా అంతా పరుగులు పెట్టేది. దానికి పెళ్ళి కాకూడదని నాకెందుకుంటుంది?

అయినా ఒప్పుకోను.

జులై 30

ఆలోచించాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అత్త నన్ను పెళ్ళయిన కొత్తలోనే అంది. అంటే అంది.

ఆగస్టు 3

ఎస్టీడీ బూతు నుంచి కొండబాబుకి ఫోను చేశాను.

"కానీండి. మీ అన్న బొమ్మ సేసుకోండి, కాల్చుకోండి. నాను అడ్డు రాను" అన్నాను.

"ఒదినా, నీ రుణం..." అని మొదలుపెట్టాడు వాడు.

"ఆగు, ఇంకా ఉంది. పౌర్ణమికి పెట్టే టోపీల పండగ ఈ ఏడు పెట్టను. ఏకాదశి సాయంత్రం పెడతాను."

"ఏ ఏకాదశి?"

"అదే ఏకాదశి."

బూతు కుర్చీలో ఉన్న ఒడియా ముసలాయన నా ముఖం కేసే చూస్తున్నాడు, ఫోనులో కొండబాబు అరుపు ఆయనకీ వినపడుతోంది. "కర్మ సేసిన రోజున, ఏకాదశి పూట, రొయ్యలా? మతిగానీ పోనాదేటి నీకు? ఊరు మొకాన ఉమ్మదా?"

"ఉమ్మితే తుడుసుకుంటాను. నా డాబా మీద నా పొయ్యి. మీ నది గట్టు మీద మీ పొయ్యి. ఎవరిది ఆలది."

ఫోను పెట్టేశాను. ముసలాయనకి డబ్బులిచ్చి బయటికొచ్చాను.

ఆగస్టు 8, పౌర్ణమి

సాయంత్రం దాకా వాన. తెరిపిచ్చాక డాబా ఎక్కాను. చందమామ కడిగిన పళ్ళెంలా ఉంది. ఏటా ఈపాటికి ఇక్కడ గోల గోలగా ఉండేది. ఈ ఏడు నేనూ, ఆరేసి మర్చిపోయిన ఒక లంగా.

ఇది నా డైరీ. నాకు నేను అబద్ధం చెప్పుకుంటే వినేదెవరు, నేనే కదా. కాబట్టి రాస్తున్నాను.

గోపాల్‌పూరు సూరయ్య ఆయనతో అదే ఓడలో పనిచేశాడు. తిరిగొచ్చిన వారంలోనే మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పాడు: "అమ్మా, రేవులో దిగినప్పుడు సంచీ పట్టుకుని దిగాడు. కొత్త బూట్లేసుకున్నాడు. గెడ్డం గీసుకున్నాడు. 'ఎల్లొస్తాను సూరయ్యా' అన్నాడు." ఇంకెవరికీ చెప్పొద్దని నేను ఒట్టేయించుకున్నాను. సూరయ్య మంచివాడు, చెప్పలేదు.

సంచీ పట్టుకుని దిగినవాడు దారి తప్పడు. దారి పట్టాడు.

ఎందుకో నాకు తెలీదు. పోట్లాడుకోలేదు. ఆ ఏడు కూడా మామూలుగానే వెళ్ళాడు, బియ్యం డబ్బా నింపి మరీ వెళ్ళాడు. అక్కడ ఎవర్తైనా ఉందో, ఎవరూ లేకుండానే వెళ్ళాలనిపించిందో. చచ్చిపోయాడంటే నేను విధవని. వదిలేశాడంటే వెర్రిదాన్ని. అందుకని దారి తప్పించాను. పన్నెండేళ్ళు ఆయన్ని ఆ మంచులో నేనే తిప్పుతున్నాను, ఇంటికి రాకుండా, చావకుండా.

ఏడ్చాను. రాస్తే ఏం, ఏడ్చాను.

ఆగస్టు 12

జాలరి దేముడి దగ్గరికి వెళ్ళాను. ఏటా చిలికా రొయ్యలు వాడే తెచ్చిస్తాడు. రోజు చెప్పగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నానివ్వనమ్మా. కర్మ రోజున రొయ్యలిస్తే ఆ పాపం నా వలకి సుట్టుకుంటాది."

"పాపం నాది, రొయ్యలు నీవి. దేనికదే."

"అమ్మా, నీకు దండం. నాను సంద్రం మీద బతికేవోడిని."

వాడితో ఏం వాదిస్తాం. సముద్రం మీదికి వెళ్ళేవాడికి భయాలుంటాయి. ఒకటి మాత్రం చేశాడు. బజారులో ఒడియా ఆవిడ దగ్గర బగ్డాలు మంచివుంటాయని, తలకాయ గట్టిగా ఉన్నవే ఏరుకోమని, తను చెప్పినట్టు చెప్పొద్దని అన్నాడు.

ఆగస్టు 15

స్వాతంత్ర్య దినం. పొద్దుటి నుంచీ టోపీలు కత్తిరించాను.

ఆగస్టు 17

అత్త వచ్చింది. కూర్మమ్మ, మా అత్త, డెబ్భై దాటిన మనిషి, కొడల నుంచి బస్సులో నిలబడి వచ్చిందట. రావడం రావడమే టోపీల కట్ట చూసింది, వేలాడదీసిన చందమామ లాంతరు చూసింది.

"తీసీ ఇయ్యన్నీ" అంది.

"తియ్యను అత్తా."

"నా కొడుకుని రేపు కాలుస్తన్నారే!"

"గడ్డిని కాలుస్తన్నారు."

కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే నెత్తిన పెట్టుకుని కూలబడింది. నేను కాఫీ పెట్టాను, తాగలేదు. కాసేపటికి తనే అడిగింది, నా వైపు చూడకుండా: "నిజం సెప్పు. ఆడు సచ్చాడేటి? నీకు తెలుసు. ఇన్నేళ్ళూ నీ మొకం సూస్తన్నాను. మొగుడు సచ్చిన దాని మొకం నాకు తెలుసు. నీది అది కాదు."

చెప్పేశాను. సంచీ, బూట్లు, గడ్డం, ఎల్లొస్తాను, అన్నీ.

అత్త గోడకి జారగిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. "అయితే ఉన్నాడన్నమాట, దొంగనాకొడుకు" అంది. నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి దగ్గొచ్చింది. వీపు నిమిరాను.

"కొండబాబుకి సెప్పీదా?" అన్నాను.

"ఒద్దు. పిల్ల పెళ్ళి ఆగిపోద్ది. కాల్సనీ. మనల్ని ఒదిలీసినోడు మనకి ఉంటే ఏటి, నేకపోతే ఏటి" అంది. తర్వాత కాఫీ మళ్ళీ వేడి చేయమంది.

పడుకునే ముందు తన నుదురు తడుముకుని అంది: "నాకు తీసీసినప్పుడు నన్నెవరూ అడగనేదే."

ఆగస్టు 18, ఏకాదశి

పొద్దున్నే ఒడియా ఆవిడ దగ్గర రొయ్యలు ఏరాను. తలకాయలు గట్టివే. వాళ్ళు రుషికుల్య నది గట్టు మీద బొమ్మ కడుతుండే వేళకి నేను పొయ్యి మీద ఉప్పు నీళ్ళు పెట్టాను. సోంపు ఆకు, ధనియాల పూత. రొయ్యలు ఎర్రబడగానే దించి, గిన్నె మొత్తం ఐసు పెట్టెలోకి. ఈ రొయ్యలు చల్లగా ఉండాలి, మన ఊరి ఎండకి అది మహా యుద్ధం.

సాయంత్రం ఎవరొస్తారా అని చూశాను. ఏటా జనం ఈ డాబాకి పట్టేవారు కాదు. ఈ ఏడు వీధివీధంతా కిటికీల్లోంచి చూశారు, ఎవరూ మెట్లెక్కలేదు. చూడనీ. లాంతరు ఇంకొంచెం ఎత్తున కట్టాను. ఆకాశంలో చందమామ లేదు, ఉన్నది నా కాయితం చందమామ ఒక్కటే, పళ్ళికిలిస్తూ.

మొదట వాసవీకుమారి వచ్చింది, ఖాళీ కంచంతో. "ఏకాదశి కదా, నాకు ఉపాసం. టోపీ కోసం వొచ్చాను" అంది. "మీ ఆయన తిట్టలేదా?" అంటే, "తిట్టాడు. ఇంకా తిడతన్నాడు. వినబడతాది సూడు" అంది. నిజంగానే వినబడుతోంది. తర్వాత సీతాలు. అత్త మెట్ల మీదే కూర్చుంది. "నాను తినను. కూకుంటాను" అంది.

నలుగురు ఆడవాళ్ళం. గంపెడు రొయ్యలు. తినేవాళ్ళం ఇద్దరం.

నేను గ్లాసెత్తి, నిమ్మకాయ సోడా, "స్కూల్" అన్నాను. మొదటి రొయ్య తలకాయ జుర్రాను. ఎదురింటి కిటికీ దాకా వినపడేలా జుర్రాను. ఆ కిటికీ టక్కున మూసుకుంది. సీతాలు నవ్వు ఆపుకోలేక పొలమారింది.

అప్పుడొచ్చాడు కొండబాబు. తడి పంచె, కొత్త గుండు, కళ్ళు మంకెన పువ్వులు. మెట్ల మీద తల్లిని దాటుకుని పైకొచ్చి నిలబడ్డాడు.

"ఒదినా! అన్నకి కొరివెట్టి వొస్తన్నాను. నువ్వు ఇక్కడ టోపీ ఎట్టుకుని రొయ్యలు తింటన్నావా? ఎవరికోసం ఈ పండగ? ఎవరికోసం ఆ బొట్టు?"

లేచాను. చేతుల నిండా ఉప్పు నీళ్ళు. "నాకోసం. మీరు తగలెట్టింది మీ అన్నని. ఆయన సచ్చాడంటే సచ్చాడు, సరే. నాను సావలేదు. నన్నెందుకురా కాలుస్తారు? రొయ్యలంటే ఇష్టం నాకు. టోపీలంటే ఇష్టం. ఇన్నేళ్ళూ ఆయన పండగనుకుని నానే మోసపోనాను. కొన్నది నాను, ఉడికించింది నాను, పిలిసింది నాను. ఇది నా పండగ."

వాడు ఇంకా గట్టిగా అరుస్తాడనుకున్నాను. కానీ చప్టా మీద కూలబడిపోయాడు. "ఆ గడ్డి బొమ్మకి అన్న సొక్కా తొడిగాను ఒదినా" అన్నాడు. "నీలంది. నాకు సిన్నప్పుడు ఇచ్చింది. అది అంటుకోనేదు ముందు. అది అంటుకోనేదు..." పసివాడిలా ఏడ్చాడు.

వాడి అన్న గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు, నా మొగుడి గురించే ఆలోచించాను.

మెట్ల మీంచి అత్త కేకేసింది: "సీతాలూ, నీ బాబుకి టోపీ ఇయ్యే. గుండు మీద మంచు పడతాది."

సీతాలు పచ్చ టోపీ తీసుకెళ్ళి తండ్రి నెత్తిన పెట్టింది. వాడు తీసేయలేదు. తినమంటే తల అడ్డంగా ఊపాడు, కర్మ చేసినవాడు ఉప్పు తినకూడదు. వాసవీకుమారి తన మూల జరిగి చోటిచ్చింది. "నాకూ ఉపాసమే బాబూ. ఇటు రా. గాలి ఇటునుంచి వీస్తాది, వాసన రాదు" అంది. పొడుగు టోపీ, పచ్చ టోపీ పక్కపక్కన కూర్చుని మేం తింటుంటే చూశాయి.

ఆగస్టు 19

ఇచ్ఛాపురం వాళ్ళు సరేనన్నారట. తాంబూలాలు ఆశ్వయుజంలో. నా డాబా సంగతి వాళ్ళ దాకా వెళ్ళింది. పెళ్ళిలో నన్ను ముందు వరసలో నిలబడొద్దన్నారట. రెండో వరసలో నిలబడి పెద్దగా నవ్వుతానని కబురు పెట్టాను.

ఆగస్టు 20, మూడోనాడు

కొడల నుంచి ఇద్దరు ముసలమ్మలు వచ్చారు, పసుపు నీళ్ళ చెంబుతో, తెల్ల చీరతో. అత్తని మధ్యలో కూర్చోబెట్టారు. నన్ను పీట మీద కూర్చోమన్నారు.

నిలబడే ఉన్నాను. "బొట్టు నాకు మా అమ్మ పెట్టింది, ఊయల్లో. గాజులు మా నాన్న కొన్నాడు. ఆటి జోలికి రాకండి" అన్నాను. "ఆయన పెట్టింది ఒకటే ఉంది."

తాళి నేనే తీశాను. తెంపలేదు, తలమీంచి తీశాను. మెడకి పట్టిన చార సరిగ్గా ఆ తాడు మందాన ఉంది. చచ్చిపోయాడని తియ్యలేదు, వెళ్ళిపోయాడని తీశాను. ఆ సంగతి అత్తకీ నాకూ తెలుసు. తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టాను.

"ఏటి సేసుకోమంటావే దీన్ని?" అంది.

"నీ కొడుకు ఎప్పుడైనా వొస్తే, ఆడికియ్యి."

ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. అత్త మూసుకోలేదు. కొంగు చివర ముడేసుకుంది.

వాళ్ళు వెళ్ళాక అద్దం ముందు నిలబడ్డాను. మెడ బోసిగా ఉంది, నుదురు ఎర్రగా ఉంది. పెళ్ళికానిదో, పెళ్ళయినదో, విధవో, నన్ను చూసి వీధిలో జనం తేల్చుకోలేక చస్తారు.

చావనీ.